గుడి ప్రపంచానిది సరే... గుడిసె ఎవరిది?

2021 జులై 25న రామప్ప గుడి ప్రపంచ వారసత్వ కట్టడం అయింది. దేశంలో 39వది. తెలంగాణలో మొట్టమొదటిది. ఆ రోజు టీవీలు గుడినే చూపించినయి. నాయకులు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకున్నరు. మనమూ సంబురపడ్డం. ఎందుకు పడొద్దు? తెలంగాణకు చరిత్ర ఎక్కడిదని ఎకసెక్కాలు ఆడిన నోళ్లకు అది దీటైన జవాబు. శిల్పి పేరుతో పిలిచే గుడి మనది. గుడి కట్టించిన దొర పేరు కాదు, ఉలి పట్టిన మనిషి పేరు నిలబడ్డదని తరతరాలుగా మన పెద్దలు చెప్పుకుంటున్న గుడి అది.

సంబురం అయిపోయింది. ఇప్పుడు అడగవలసిన ప్రశ్న అడుగుదాం. ఆ గుడి ఏ ఊర్లో ఉన్నది?

రామప్ప అంటే అందరికీ తెలుసు. పాలంపేట అంటే ఎంతమందికి తెలుసు? గుడి పోస్టర్ మీదికి ఎక్కింది. ఊరు పోస్టర్ కింద పడ్డది. ఫొటోలో గుడి రావాలె, చెరువు రావాలె, మదనిక రావాలె. కరెంటు తీగ రావొద్దు, రేకుల ఇల్లు రావొద్దు, బట్టలు ఆరేసిన దండెం అసలే రావొద్దు. అదే చూపు ఇప్పుడు పాలకుల చూపు అయింది. రాయిని కాపాడాలన్న పట్టుదల ఉన్న సర్కారుకు, ఆ రాయి పక్కన బతుకుతున్న మనిషిని లెక్కపెట్టాలన్న సోయి లేదు. పాలంపేట జనాభా లెక్క, పాలంపేట ఇంటి లెక్క, పాలంపేట మోరీ లెక్క. ఈ మూడు లెక్కలు తేలకుండా వారసత్వం గురించి ఎవడు ఉపన్యాసం ఇచ్చినా అది బూటకమే.

చెరువు, గుడి, ఊరు... మూడూ ఒక్కటే

1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిండు. అడుగున ఇసుక పోసి పునాది వేసిండ్రు. మీద నీళ్లలో తేలే ఇటుకలతో గోపురం కట్టిండ్రు. ఇవన్నీ గైడు చెప్తడు. గైడు చెప్పని ముచ్చట ఒకటి ఉన్నది. కాకతీయుల కాలంలో గుడి ఒంటరిగా కట్టలేదు. చెరువు తవ్విండ్రు, గుడి కట్టిండ్రు, ఊరు నిలబెట్టిండ్రు. చెరువు నీళ్లతో పొలం పండాలె. పండిన పంటలోంచి గుడికి దీపం వెలగాలె. గుడిని, చెరువును చూసుకునేటోళ్లకు ఊర్లో ఇల్లు ఉండాలె. మూడు కాళ్ల ముక్కాలి పీట అది. ఒక కాలు విరగ్గొట్టి రెండు కాళ్ల మీద పీటను నిలబెడతామంటే నిలబడదు.

నిజాం జమానాలో పురావస్తు శాఖ అధిపతి గులాం యాజ్దానీ 1922లో పాలంపేట గుళ్ల మీద పుస్తకం అచ్చేసిండు. ఆయన పుస్తకం పేరులో రామప్ప లేదు, పాలంపేట ఉన్నది. వందేళ్ల కింద ఒక అధికారికి ఉన్న ఆ మర్యాద ఈనాటి టూరిజం బ్రోచర్లకు లేదు.

ఇంకో సిత్రం చూడండి. ఈ ఊరు అంగుళం కదలలేదు గాని జిల్లాలు మాత్రం మారుతనే ఉన్నయి. 2016 అక్టోబర్ దాకా వరంగల్ జిల్లా. ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. 2019 ఫిబ్రవరి 17 నుంచి ములుగు జిల్లా. మూడేండ్లలో మూడు కలెక్టరేట్లు. ఊరి కాయితాలు మోసుకొని తిరిగినోళ్లకే తెలుసు ఆ గోస. పాలన దగ్గరికి వచ్చిందన్నరు. మంచిదే. దగ్గరికి వచ్చిన పాలన ఊరి గడప దాటి లోపలికి ఎప్పుడు వస్తది?

తల లెక్కలో తిరకాసు

మొదటి లెక్క జనాభా. మన దేశంలో చివరి జనాభా లెక్కలు 2011లో జరిగినయి. 2021లో జరగవలసినవి జరగలేదు. 2025 జూన్ 16న నోటిఫికేషన్ ఇచ్చి, 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టిండ్రు. అంటే పదహారేండ్ల ఎడం. అప్పుడు బడికి పోయిన పిల్ల ఇప్పుడు తల్లి అయింది. అప్పుడు ఒక్కటిగా ఉన్న కుటుంబం ఇప్పుడు మూడు పొయ్యిలు అయింది. సర్కారు కాయితం మీద మాత్రం ఇంకా ఒక్క పొయ్యే మండుతున్నది.

దీంతో నష్టం ఏంది అని అడిగేటోళ్లకు చెప్తున్న. నష్టం పైసలల్లో ఉన్నది. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధులను రాష్ట్రాల మధ్య పంచినప్పుడు జనాభాకు 90 పాళ్లు, విస్తీర్ణానికి 10 పాళ్లు లెక్క కట్టింది. ఆ జనాభా 2011 జనాభా. కేంద్రం నుంచి పంచాయతీ దాకా తల లెక్కనే పైస లెక్క. పంచాయతీలో పనిచేసే మల్టీపర్పస్ వర్కర్లను కూడా 500 జనాభాకు ఒకరు చొప్పున పెట్టాలని 2019లో జీవో 51 తెచ్చిండ్రు. మోరీ తీసేది వాళ్లే, ట్రాక్టర్ నడిపేది వాళ్లే, నల్లా తిప్పేది వాళ్లే. నెలకు 8,500 రూపాయలతో మొదలైన జీతం. ఆ జీతం కూడా నెలనెలా చేతికి రాక కార్మికులు రోడ్డెక్కింది మనం చూసినం.

ఇప్పుడు పాలంపేటకు ఈ లెక్క పెట్టి చూడండి. ఊరి జనం మాత్రమే ఈ ఊరి నీళ్లు తాగుతున్నరా? ఆదివారం వచ్చే బస్సులు, శివరాత్రి జాతర, స్కూలు పిల్లల విహార యాత్రలు, రెండేండ్లకోసారి మేడారం పోయి వస్తూ దారిలో ఆగే వాహనాలు. వాళ్లు తాగిన నీళ్ల సీసా ఎక్కడ పడుతది? వాళ్లు తిన్న విస్తరి ఎక్కడ పడుతది? వాళ్లకు మూత్రశాల ఎవరు కడగాలె? పంచాయతీ సఫాయి కార్మికుడే కదా! కానీ పంచాయతీ పద్దులో సందర్శకుడు లేడు. వచ్చినోడు టూరిజం లెక్కలో లాభం, పంచాయతీ లెక్కలో చెత్త. లాభం పట్నానికి పోతది, చెత్త ఊరికి మిగులుతది. సందర్శకుల సంఖ్య పెరిగిందని గొప్పగా ప్రకటించే శాఖ, ఆ సంఖ్యను బట్టి పాలంపేట పంచాయతీకి ఒక్క సఫాయి కొలువు పెంచాలని ఎన్నడన్నా రాసిందా?

లెక్కలు తీయలేదా అంటే తీసిండ్రు. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో సమగ్ర కుటుంబ సర్వే చేసిండ్రు. పనికి పోయినోళ్లు ముంబై నుంచి, భీవండి నుంచి రెక్కలు కట్టుకొని వచ్చి ఇంట్లో కూసున్నరు. 2024 నవంబర్‌లో మళ్లీ ఇంటింటికీ తిరిగి కుల సర్వే చేసిండ్రు. ఇన్నిసార్లు ఊరు తన గుట్టంతా చెప్పింది. ఊరికి తిరిగి ఏం చెప్పిండ్రు? ఏ ఊర్లో ఎన్ని కుటుంబాలకు ఇల్లు లేదు, ఏ వాడలో ఎన్ని ఇండ్లకు బాత్రూం లేదు అన్న ముచ్చట ఏ పంచాయతీ గోడ మీద రాసిండ్రు? లెక్క ఇచ్చింది మనం. లెక్క దాచుకున్నది వాళ్లు.

ఇంకో అంకె కూడా గుండెల మీద రాసుకోవాలె. 2001 నుంచి 2011 దాకా తెలంగాణ ప్రాంతంలో పట్టణ జనాభా నూటికి 38 పెరిగింది. పల్లె జనాభా పెరిగింది ఎంత? నూటికి 2 చిల్లర. పిల్లలు పుట్టలేదని కాదు. పుట్టినోళ్లు ఊర్లో నిలవలేదని. చదువుకున్న పిలగాడు కొలువు కోసం పోయిండు. చదువుకోనోడు కూలి కోసం పోయిండు. ఉన్నోళ్లు ముసలోళ్లు. చరిత్ర ఉన్న ఊర్లో చరిత్ర మాత్రమే మిగిలితే దాన్ని ఊరు అనరు, మ్యూజియం అంటరు.

జాగ ఉన్నది, కట్టే హక్కు లేదు

రెండో లెక్క ఇల్లు. ఇక్కడే అసలు మతలబు ఉన్నది.

కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని అవతల ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1992 జూన్ 16న నోటిఫికేషన్‌గా వచ్చిన ఈ నియమాన్ని 2010లో పార్లమెంటు గట్టి చట్టం చేసింది. నిషిద్ధ ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టరాదు. ఉన్న ఇంటి మీద అంతస్తు వేసినా, పక్కకు ఒక అర్ర పెంచినా అది కూడా కట్టడమే. చట్టం మీరితే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మరమ్మతు చేసుకోవచ్చు గాని దానికి అనుమతి కావాలె. ఆ అనుమతి ఢిల్లీలో ఉన్న జాతీయ స్మారక కట్టడాల అథారిటీ దాకా పోయి రావాలె.

అంతటితో ఆగలేదు. నిషిద్ధ ప్రాంతంలో మరమ్మతు అడగాలంటే, ఆ ఇల్లు 1992 జూన్ 16 కంటే ముందు నుంచే ఉన్నదని చూపాలె. లేకుంటే ఆ తర్వాత అనుమతితో కట్టినదై ఉండాలె. పల్లెటూరి ఇంటికి కాయితం ఎక్కడిది? గ్రామకంఠంలో ఉన్న ఇంటికి పట్టా ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. తాత కట్టిండు, తండ్రి ఉన్నడు, కొడుకు ఉంటున్నడు. దొరికితే ఒక ఇంటిపన్ను రసీదు దొరుకుతది, చెదలు తినకుంటే! ఎనిమిది వందల ఏండ్ల గుడికి శాసనం ఉన్నది. ఎనభై ఏండ్ల ఇంటికి సాక్ష్యం లేదు. శాసనం ఉన్న రాయి గెలిచింది, సాక్ష్యం లేని మనిషి ఓడిండు.

ఇప్పుడు ఇంటి పథకాలు చూద్దాం. 2006లో ఇందిరమ్మ ఇల్లు అన్నరు. తెలంగాణ వచ్చినంక 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం అన్నరు. 2023లో సొంత జాగ ఉన్నోళ్లకు మూడు లక్షల గృహలక్ష్మి అన్నరు. ప్రభుత్వం మారంగనే అది రద్దయింది. 2024 మార్చి 11న భద్రాచలంలో మళ్లీ ఇందిరమ్మ ఇల్లు మొదలుపెట్టిండ్రు. సొంత జాగ ఉన్నోళ్లకు ఐదు లక్షలు, 400 నుంచి 600 చదరపు అడుగుల లోపు కట్టుకోవాలె. పేర్లు మారినయి, పార్టీలు మారినయి, జెండాలు మారినయి. దరఖాస్తు పట్టుకొని లైన్లో నిలబడ్డ మనిషి మాత్రం మారలేదు.

సరే, ఈసారి వచ్చిందే అనుకుందాం. గుడి గోడకు వంద మీటర్ల లోపల జాగ ఉన్న ఒక పేద కుటుంబం సంగతి చూడండి. ఇంటి పథకం ఏమంటది? నీకు సొంత జాగ ఉండాలె, ఆ జాగలో కొత్త ఇల్లు కట్టాలె అంటది. వారసత్వ చట్టం ఏమంటది? జాగ నీదే గాని అందులో కొత్త ఇల్లు కట్టరాదు అంటది. ఒక సర్కారు చేత్తో ఇస్తది, ఇంకో సర్కారు చేత్తో గుంజుకుంటది. అమ్మ పెట్టదు, అడుక్క తిననియ్యదు అన్న సామెత ఇంతకన్నా సరిగ్గా ఎక్కడ అతుకుతది? పోనీ, ఆ మనిషికి మీ జాగకు బదులు ఫలానా చోట జాగ ఇస్తున్నం, అక్కడ ఇల్లు కట్టుకో అని చెప్పే జీవో ఏదన్నా ఉన్నదా? చట్టం చేసినప్పుడు రాయికి ఎన్ని మీటర్ల గాలి కావాల్నో కొలిచిండ్రు. మనిషికి ఎన్ని గజాల నీడ కావాల్నో కొలవలేదు.

ఇంకా ఉన్నది. 2018 జనవరిలో లోక్‌సభ ఒక సవరణ బిల్లు పాస్ చేసింది. ఎందుకోసం? వంద మీటర్ల నిషిద్ధ ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం చేపట్టే పెద్ద పనులకు మినహాయింపు ఇయ్యడం కోసం. రాజ్యసభలో అడ్డుపడితే సెలెక్ట్ కమిటీకి పంపిండ్రు. ఇక్కడ గమనించవలసింది ఒక్కటే. రోడ్ల కోసం, వంతెనల కోసం చట్టాన్ని సడలించాలని ఢిల్లీకి తోచింది. కొడుకు పెండ్లి చేసి ఒక అర్ర వేసుకుందామనుకున్న పల్లె మనిషి కోసం సడలించాలని ఎవ్వరికీ తోచలేదు!

మోరీకి అడ్డం చట్టం కాదు, బద్ధకం

మూడో లెక్క ఊరి వసతులు. చరిత్ర ఉన్న ఊర్లలో ఏ పని అడిగినా కొందరు అధికారుల నోట ఒక పాట వస్తది. ఇది పురావస్తు శాఖ పరిధి, మా చేతుల్లో లేదు అని.

ఇది అబద్ధం. 2010 చట్టం చదవండి. కట్టడం అంటే ఏమిటో నిర్వచించిన చోటనే, ఏది కట్టడం కాదో కూడా రాసిండ్రు. మోరీలు కట్టడం, బాగుచెయ్యడం, శుభ్రం చెయ్యడం దాని కిందికి రాదు. ప్రజల కోసం కట్టే మరుగుదొడ్లు, మూత్రశాలలు రావు. ప్రజలకు తాగునీళ్లు ఇచ్చే పనులు రావు. కరెంటు సరఫరా పనులు రావు. అంటే నల్లాకు, మోరీకి, కరెంటుకు చట్టం అడ్డం కాదు. ఉద్యోగి అన్నలారా, ఈ నిర్వచనం జిరాక్స్ తీసి మీ టేబుల్ అద్దం కింద పెట్టుకోండి. ఊరోడు వచ్చి అడిగినప్పుడు చూపించండి. విద్యార్థి తమ్ముళ్లారా, మీరు కూడా ఒక కాపీ జేబులో పెట్టుకోండి. అధికారి చూపించకుంటే మీరు చూపించండి.

ఇంకా పెద్ద ముచ్చట. రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు ఇయ్యదగ్గ 29 అంశాలు రాసిండ్రు. అందులో పల్లె ఇండ్లు ఉన్నయి, తాగునీళ్లు ఉన్నయి, ఆరోగ్యం, పారిశుధ్యం ఉన్నయి. కాయితం మీద ఊరు రాజు. మరి చేతిలో? తెలంగాణ 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసింది. తండాలు, గూడేలు పంచాయతీలు అయినయి, దానికి జై కొడదాం. కానీ అదే చట్టం నాటిన మొక్కల్లో నూటికి 85 బతకకుంటే సర్పంచ్ మీద, కార్యదర్శి మీద వేటు అన్నది. సర్పంచ్‌ను పక్కన పెట్టే అధికారం కలెక్టర్ చేతిలో పెట్టింది. బాధ్యత ఊరికి, అధికారం పైకి. పల్లె ప్రగతి పేరుతో ట్రాక్టర్ కొనిపిచ్చిండ్రు, నర్సరీ పెట్టిచ్చిండ్రు, వైకుంఠధామం కట్టిచ్చిండ్రు. అప్పు తెచ్చి పనులు చేసిన సర్పంచులు బిల్లుల కోసం ఏండ్లకేండ్లు తిరిగిండ్రు.

ఇక ఎన్నికల సంగతి. 2024 ఫిబ్రవరి మొదట్లోనే సర్పంచుల గడువు తీరింది. గడువు తీరకముందే ఎన్నిక జరపాలని రాజ్యాంగం చెప్తది. మన దగ్గర ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. దాదాపు రెండేండ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం నిధులు రావు. అవి ఆగినయి. ఊరిలో నల్లా చెడితే ఎవరిని అడగాలె? ఒక స్పెషల్ ఆఫీసర్ తన శాఖ పని చేసుకుంటడా, ఊరి మోరీ చూస్తడా? పంచాయతీ కార్యదర్శి ఒక్కడే ఊరందరి తిట్లూ పడ్డడు. ఆ జూనియర్ కార్యదర్శులు కూడా మన బిడ్డలే. 2019లో ప్రొబేషన్ పేరుతో 15 వేల జీతానికి చేరిండ్రు. కొలువు పర్మినెంట్ చెయ్యమని 2023లో సమ్మె చేయవలసి వచ్చింది. ఊరికి సేవలు సరిగ్గా లేవంటే, ఊరికి సేవ చేసేటోని బతుకు సరిగ్గా లేదని అర్థం.

అథారిటీ పేరు వింటే భయమెందుకు?

పైసలు రాలేదా అంటే వచ్చినయి. ప్రసాద్ పథకం కింద రామప్పకు 62 కోట్ల రూపాయల పనులకు 2022 డిసెంబర్ 28న రాష్ట్రపతి చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. 2024 నవంబర్‌లో రామప్ప ప్రాంత పర్యాటక సర్క్యూట్‌కు ఇంకో 74 కోట్ల దాకా కేంద్రం మంజూరు చేసింది. రెండూ కలిపితే 135 కోట్ల పైమాట. మంచిదే. సందర్శకులకు వసతి కావాలె, పార్కింగ్ కావాలె, ఎవరూ కాదనరు. మా ప్రశ్న ఒక్కటే. ఈ కోట్లలో ఊరి లోపలి మోరీకి ఎంత? ఊరి ఆడబిడ్డల మరుగుదొడ్డికి ఎంత? ఇల్లు లేనోడి ఇంటి జాగకు ఎంత? చెరువు కట్ట మీద కాటేజీ కట్టినప్పుడు నీళ్లు, కరెంటు, రోడ్డు ఎట్ల వచ్చినయో, ఊరి చివరి వాడకు కూడా అట్లనే రావాలె కదా!

2025 మే 14న ప్రపంచ సుందరి పోటీలకు వచ్చినోళ్లను రామప్పకు తీసుకొచ్చిండ్రు. గుడి ముందర వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోసి, ఆడవాళ్ల చేత తుడిపిచ్చిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. అతిథి మర్యాద అని కొందరు సమర్థించుకున్నరు. అతిథికి చెంబెడు నీళ్లు ఇచ్చుడు మన సంస్కృతే. కానీ ఆత్మగౌరవం కోసం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన ఆడబిడ్డ వంగి కాళ్లు తుడిచే ఫొటో ప్రపంచానికి పోవాల్నా? ఆ ఫొటో పాలకుల మనసులో ఊరి స్థానం ఏందో చెప్పింది. ఊరంటే సేవ చేసే చేతులు. అంతే.

ఇక ముందు ముప్పు ఉన్నది. ప్రపంచ వారసత్వం వచ్చిన చోట అథారిటీలు వస్తయి, మాస్టర్ ప్లాన్లు వస్తయి. మాస్టర్ ప్లాన్ అంటే భయపడొద్దు అంటరు. హంపిని చూసి మాట్లాడుదాం. హంపి 1986లో ప్రపంచ వారసత్వం అయింది. 2002లో కర్ణాటక ప్రత్యేకంగా చట్టం చేసి అక్కడ అథారిటీ పెట్టింది. 2011 జులై 29న విరూపాక్ష గుడి ముందరి బజారులో ఇండ్లు, దుకాణాలు బుల్డోజర్లతో కూల్చిండ్రు. మూడు వందలకు పైగా కుటుంబాలు రోడ్డు మీద పడ్డయి. గుడి ముందర పువ్వులు అమ్మినోళ్లు, టీ కాచినోళ్లు, యాత్రికులకు అర్ర కిరాయికి ఇచ్చినోళ్లు ఒక్క రోజులో ఆక్రమణదారులు అయిండ్రు. మన యాదగిరిగుట్టలో ఏమైంది? గుడి కొత్తగా కట్టిండ్రు, 2022 మార్చి 28న తలుపులు తెరిచిండ్రు. రోడ్ల వెడల్పులో ఇండ్లు, దుకాణాలు పోయినోళ్ల కన్నీళ్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు. గుడి చుట్టూ భూముల ధర పెరిగితే ఎవరు కొన్నరు, ఎవరు అమ్ముకున్నరు అందరికీ ఎరుకే.

పాలంపేట ఇంకో హంపి కావొద్దు. ఇది ఇప్పుడే చెప్పాలె. బుల్డోజర్ వచ్చినంక చెప్తే ఉపయోగం లేదు.

చట్టం వద్దంటున్నరా?

కొందరు పెద్దమనుషులు అడుగుతరు. ఆ వంద మీటర్ల చట్టం లేకుంటే గుడి మిగులునా? గుడి పక్కనే నాలుగంతస్తుల లాడ్జీలు లేస్తే యునెస్కో ఊకుంటదా? అని.

మేం చట్టం వద్దనడం లేదు. లాడ్జి కట్టే పట్నం వ్యాపారిని ఆపండి, మేం మీ వెంట నిలబడతం. గుడిని కాపాడింది మొదటి నుంచీ ఊరే. దేవాదుల సొరంగం పేలుళ్లు గుడికి ముప్పు అని, బొగ్గు బాయి మండలం మీదికి వస్తదని భయం వచ్చినప్పుడు గుడి కోసం గొంతెత్తినోళ్లలో ఇక్కడి జనం ఉన్నరు. అట్లాంటి జనాన్ని గుడికి శత్రువుల లెక్క చూడొద్దు. వ్యాపారి లాడ్జికి, పేదోని రెండర్రల ఇంటికి తేడా తెలిసిన నియమాలు కావాలె. చట్టంలోనే దారి ఉన్నది. ప్రతి కట్టడానికి విడిగా వారసత్వ ఉపనియమాలు తయారు చెయ్యాలని 2010 చట్టమే చెప్తున్నది. ఆ ఉపనియమాలు తెలుగులో రాసి, గ్రామసభలో చదివి, ఊరు ఒప్పుకున్నంకనే ఖాయం చెయ్యండి. నియంత్రిత ప్రాంతంలో ఎంత ఎత్తు, ఎట్లాంటి కప్పు, ఎట్లాంటి గోడ ఉండాల్నో చెప్పండి. గూనపెంకుల ఇల్లు గుడి పక్కన అందంగానే ఉంటది. ఆ పెంక వేసేటోడికి పైసలియ్యండి.

యునెస్కో పేరు చెప్పి భయపెట్టేటోళ్లకు యునెస్కో మాటే చెప్దాం. 2007లో న్యూజిలాండ్‌లో కూసున్న ప్రపంచ వారసత్వ కమిటీ, వారసత్వ రక్షణకు పెట్టుకున్న ప్రధాన లక్ష్యాల్లో స్థానిక సమాజాలను కూడా చేర్చింది. ఊరిని పక్కన పెట్టి కట్టడాన్ని కాపాడలేమని ప్రపంచం ఒప్పుకున్నది. మన సెక్రటేరియట్ ఎప్పుడు ఒప్పుకుంటది?

ఇది పాలంపేట ఒక్క ఊరి ముచ్చట కాదు. పక్కనే ఘనపురం కోటగుళ్లు ఉన్నయి. కొలనుపాక ఉన్నది. బౌద్ధం వెలిగిన ఫణిగిరి ఉన్నది. పానగల్లు ఉన్నది, పిల్లలమర్రి ఉన్నది. కొన్ని కేంద్రం కింద, కొన్ని రాష్ట్రం కింద. చట్టాలు వేరువేరు గాని ఊర్ల గోస ఒక్కటే. రేపు వీటిలో ఏ ఊరి పేరు ప్రపంచానికి ఎక్కినా, పాలంపేటలో ఏం జరిగిందో అక్కడా అదే జరుగుతది.

ఊరు అడుగుతున్నది ఇది

ఒకటి. కుల సర్వే లెక్కల్లోంచి పాలంపేట కుటుంబాలు, ఇండ్లు, మరుగుదొడ్లు, నల్లాల వివరాలు వాడల వారీగా తీసి పంచాయతీ గోడ మీద రాయాలె.

రెండు. గుడి చుట్టూ 100 మీటర్లు, 300 మీటర్ల గీతలు ఏ ఇంటి మీది నుంచి పోతున్నయో సర్వే చేసి, ఆ పటం తెలుగులో గ్రామసభ ముందర పెట్టాలె. నిషిద్ధ ప్రాంతంలో పడ్డ కుటుంబానికి ఊరి దగ్గరనే బదులు జాగ, ఆ జాగలో ఇందిరమ్మ ఇల్లు ఇయ్యాలె. ఉన్న ఇంటిని ఒప్పుకోకుండా కదిలియ్యొద్దు.

మూడు. మరమ్మతు అనుమతి దరఖాస్తులు మండల ఆఫీసులోనే తీసుకోవాలె. ఢిల్లీకి పంపేది, తెప్పించేది సర్కారు పని. ఇంటిపన్ను రసీదును, ఊరి పెద్దల పంచనామాను సాక్ష్యంగా ఒప్పుకోవాలె.

నాలుగు. సందర్శకుల సంఖ్యను పంచాయతీ జనాభాకు కలిపి లెక్కగట్టి సఫాయి కార్మికులను, నీళ్లను, నిధులను పెంచాలె. కాటేజీల కిరాయిలో, బోటు టికెట్లలో, పార్కింగ్‌లో పంచాయతీకి వాటా చట్టబద్ధంగా రాయాలె.

ఐదు. గుడి చుట్టూ పుట్టే గైడు, కాపలా, తోట, హోటల్ కొలువుల్లో మొదటి హక్కు ఊరి పిల్లలది కావాలె. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న మాట రాష్ట్రానికే కాదు, ఊరికి కూడా వర్తిస్తది.

ఆరు. ఏ అథారిటీ పెట్టినా అందులో గ్రామసభ ఎన్నుకున్న మనుషులు సగం ఉండాలె. గ్రామసభ తీర్మానం లేకుండా ఒక్క గోడ కూలొద్దు.

పట్నం మన ప్రాంతాన్ని మింగుతున్నదని కొట్లాడినం. రాజధానికి దూరంగా ఉన్నందుకు వాటా తక్కువ కావొద్దని కొట్లాడినం. లాఠీలు తిన్నం, కేసులు మోసినం. స్వరాష్ట్రం వచ్చినంక అదే న్యాయం ఊరికి అడిగితే తప్పెట్ల అయితది? ప్రాంతానికి ఆత్మగౌరవం ఉన్నప్పుడు పల్లెకు ఉండదా? జనాభా లెక్కల వాళ్లు ఇంటింటికీ తిరిగే కాలం ఇది. గడప ముందరికి వచ్చినోనికి ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. ఎన్ని పొయ్యిలు మండుతున్నయో చెప్పుండ్రి. కప్పు రేకుదా, పెంకదా, గడ్డిదా చెప్పుండ్రి. మోరీ ఉన్నదా లేదా చెప్పుండ్రి. ఈసారి తప్పు లెక్క పడితే మళ్లీ పదేండ్లు ఆ తప్పే మన తలరాత అయితది.

రామప్ప పేరు ఎనిమిది వందల ఏండ్లు బతికింది. ఆ పేరు ఒక పనిమంతునిది. పనిమంతుల ఊర్లో పనిమంతునికి ఇల్లు లేకుంటే, ఆ పేరు చెప్పుకొనే హక్కు ఏ సర్కారుకూ లేదు.

గుడి మీద ఎవ్వడి చెయ్యీ పడొద్దు. గుడిసె మీద కూడా పడొద్దు!